ఏడున్నర అడుగుల కప్పు కింద



పోయిన రెండు భాగాలు కథల గురించి, కవుల గురించి రాసినాను. ఈసారి ఒక గది గురించి రాస్తున్నా. తిరుపతిలో ఒక సందులో ఉంది అది. పొడవు 12 అడుగులు, వెడల్పు 10. పైన ఆస్బెస్టాస్ రేకు. ముందువైపు ఎత్తు 8 అడుగులు, వెనకవైపు 7. సగటున ఏడున్నర అనుకోండి. మునివేళ్ళ మీద నిలబడి చెయ్యెత్తితే వెనకవైపు రేకు నాకే అందుతుంది. నన్ను చూసినోళ్ళకు తెలుసు, నేనేమంత పొడుగు మనిషిని కాను.

ఆ గదిలో మా చిన్నాయన చెప్పులు చేస్తాడు. చిన్నమ్మ మిషను మీద పట్టీలు కుడుతుంది. వాళ్ళ కొడుకు సోళ్ళు కోసి అతికిస్తాడు. మా పల్లె నుంచి వచ్చిన ఇంకో పిల్లోడు ఉంటాడు, వరసకు మనవడు. మొత్తం నలుగురు. పొద్దున 8కి కూర్చుంటే రాత్రి 8కి లేస్తారు. ఈ ఊరికి వచ్చిన ప్రతి భక్తుడూ ఎక్కడో ఒకచోట చెప్పులు విడవాల్సిందే. తిరిగొచ్చి చూసుకుంటే అందరివీ ఉండవు. అట్లా పోగొట్టుకున్నోళ్ళు కిందికి దిగినాక చవకగా ఒక జత కొనుక్కుంటారు. మా చిన్నాయన బేరంలో సగం ఆ జతలే.

నాకు ఉద్యోగం పర్మినెంట్ అయిన నెల, మొదటి పూర్తి జీతంతో ఆ గదికి ఒక సీలింగ్ ఫ్యాను కొనిచ్చినాను. ఎంత గర్వపడినానో చెప్పను. పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం పోతే, రేకు కింద నలుగురూ చెమటలో నానిపోతా ఉన్నారు. ఫ్యాను ఆగి ఉంది. కరెంటు లేదేమో అనుకున్నా. మిషను దగ్గర లైటు వెలుగుతా ఉంది.

"ఏంది చిన్నాయనా, ఫ్యాను పాడైందా?"

"పాడెందుకయితాది? ఏస్తే కదా పాడయ్యేది. ఫ్యాను ఏస్తే సొల్యూషన్ పొర కట్టేస్తాది పాపా. సోలు మీద పూసి పట్టీ పెట్టేలోపలే ఆరిపోతాది. రేపు ఎవురో మెట్లెక్కేటప్పుడు ఊడొస్తే తిట్టేది నన్నే గానీ నిన్ను కాదు గదా. అదీ గాక ఈ రేకు కిందుండే వేడినంతా తెచ్చి నెత్తిన పోస్తాది."

ఆరేళ్ళు. ఆరేళ్ళుగా ఆ ఫ్యాను తిరగలేదు. నేను నొచ్చుకుంటానని ఎవరూ చెప్పలేదు. నేను పోయిన రోజుల్లో మాత్రం వేసేవాళ్ళంట. ఆ పూట చేసిన జతలు పక్కన పెట్టి మళ్ళీ అతికించుకునేవాళ్ళంట.

తర్వాత చిన్నాయన మామూలుగా, ఏదో వాన గురించి చెప్పినట్టు ఇంకో మాట చెప్పినాడు. "కాలివేళ్ళు మొద్దుబారిపోతా వుండాయి పాపా. చెప్పు కాల్లో వుండాదో ఊడిపోయిందో కిందికి చూస్తే గానీ తెలీదు." ఆసుపత్రికి పోయినాడు. ఏ ఆసుపత్రో చెప్పను. షుగర్ ఉందేమోనని చూసినారు, లేదు. బలానికి మాత్రలు రాసిచ్చినారు. అక్కడ ఆయన పేరు అడిగినారు, వయసు అడిగినారు, మందు తాగుతావా అని అడిగినారు. ఏం పని చేస్తావని ఎవరూ అడగలేదు. వాళ్ళ తప్పు అంత మాత్రమేనా? నేనూ అడగలేదు కదా. తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేసినాను. నా థీసిస్‌లో 'శ్రమ' అనే మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. ఆ శ్రమ చేసేటప్పుడు ఏ గాలి పీలుస్తారన్న ప్రశ్న ఒక్క పేజీలో కూడా లేదు.

అప్పటి నుంచి ఈ గది గురించే చదువుతా ఉన్నా. చదివింది మీతో పంచుకుంటున్నా. మీలో చాలామంది నాయనలు, మేనమామలు ఇట్లాంటి గదుల్లోనే ఉన్నారని నాకు తెలుసు. చెప్పుల పని కాకపోతే రెక్సిన్ బ్యాగుల పని, సోఫాల పని, పెయింటింగ్, బ్యాటరీల పని.

ముందు ఆ సొల్యూషన్ సంగతి. రబ్బరును కరిగించి డబ్బాలో ఉంచడానికి అందులో ద్రావకాలు వేస్తారు. టోలీన్, హెక్సేన్ లాంటివి. పూసినాక అవి గాల్లోకి లేచిపోతేనే జిగురు పట్టు వస్తుంది. అంటే డబ్బాలో ఉన్న ద్రావకమంతా ఎప్పటికో ఒకప్పటికి గదిలోకి రావాల్సిందే. గదిలోంచి ఎక్కడికి పోవాలనేదే అసలు ప్రశ్న. హెక్సేన్ మన ఒంట్లోకి పోయినాక ఇంకో పదార్థంగా మారి నరాలను దెబ్బతీస్తుంది. పొడవైన నరాలు ముందు దెబ్బతింటాయి. ఒంట్లో అన్నిటికన్నా పొడవైన నరాలు కాలివేళ్ళ దాకా పోయేవి. అందుకే తిమ్మిరి కాలివేళ్ళ దగ్గర మొదలవుతుంది, తర్వాత చేతివేళ్ళకొస్తుంది, ముదిరితే పాదం ఎత్తలేని స్థితి వస్తుంది. పని మానేసినాక కూడా కొన్ని వారాలు, నెలలు పెరిగి, ఆ తర్వాతే తగ్గుముఖం పడుతుంది. మా చిన్నాయనకు వచ్చింది అదేనని నేను తీర్పు చెప్పను. నేను తెలుగు టీచర్ని, డాక్టర్ని కాను. నరాల పరీక్ష చేసి చూడాల్సినోళ్ళు చూడాలి. చూడమని అడగాల్సిన ప్రశ్న ఏంటో మాత్రం ఇప్పుడు నాకు తెలుసు.

ఈ కథ ఇంతకుముందు జపాన్‌లో జరిగింది. 1950ల చివర్లో అక్కడ ఆడ్రీ హెప్‌బర్న్ సినిమాల పుణ్యమా అని ఒక రకం శాండల్స్‌కు గిరాకీ పెరిగింది. వాటిని హెప్ శాండల్స్ అన్నారు. పెద్ద ఫ్యాక్టరీల్లో కాదు, ఇళ్ళల్లో, చిన్న గదుల్లో, పెళ్ళాం బిడ్డలతో కలిసి చేసేవాళ్ళు. జిగురులో బెంజీన్ ఉండేది. రక్తం విరిగిపోయి మనుషులు చచ్చిపోయినారు. 1959లో ప్రభుత్వం బెంజీన్ ఉన్న రబ్బరు జిగురును నిషేధించింది. మంచిదే. దాని బదులు హెక్సేన్ వచ్చింది. గదులు మాత్రం అవే. 1960ల్లో 1,662 మంది చెప్పుల కార్మికుల్ని పరీక్షిస్తే 93 మందికి నరాల జబ్బు ఉందని తేలింది. విషం పేరు మారింది, కప్పు ఎత్తు మారలేదు. చివరికి 1970లో జపాన్ ఇళ్ళల్లో చేసే పనికి ప్రత్యేకంగా ఒక చట్టం చేసింది. తోలుపనిని తరతరాలుగా అంటగట్టింది అక్కడ కూడా బురాకుమిన్ అనే అంటరాని సమూహానికే. ఆ శాండల్ కార్మికులంతా బురాకుమిన్లేనని నేను చెప్పడం లేదు. కానీ ఆ చరిత్ర చదివేటప్పుడు మా సందు కళ్ళ ముందుకు రాకుండా ఉండలేదు.

ఇక మన చట్టం. 1948 ఫ్యాక్టరీల చట్టంలో 13వ సెక్షన్ గాలి, వేడి గురించి. పనిచేసే గదిలో తాజా గాలి ఆడేలా కిటికీలు, మార్గాలు ఉండాలి, గోడలు, కప్పు వేడిని వీలైనంత తక్కువగా ఉంచే సామాన్లతో కట్టాలి అని ఉండేది. 16వ సెక్షన్ కిక్కిరిసి కూర్చోబెట్టకూడదని చెప్పేది. ఆ చట్టం వచ్చినాక కట్టిన గదిలో మనిషికి కనీసం 14.2 ఘనపు మీటర్ల చోటు ఉండాలని ఉండేది. నేల నుంచి 4.2 మీటర్ల పైన ఉన్న చోటును లెక్కలోకి తీసుకోకూడదని ఉండేది.

మా చిన్నాయన గది లెక్క వేసినాను. 12ను 10తో, దాన్ని ఏడున్నరతో గుణిస్తే 900 ఘనపు అడుగులు. ఇరవై ఐదున్నర ఘనపు మీటర్లు. ఆ కొలత ప్రకారం ఇద్దరికి కూడా సరిపోదు. నలుగురు కూర్చుంటే మనిషికి వచ్చేది 6.4, అంటే సగం కూడా కాదు. ఇంకో రకంగా చూడండి. కప్పు 4.2 మీటర్ల ఎత్తుంటే మనిషికి 36 చదరపు అడుగుల నేల చాలు. ఏడున్నర అడుగులే ఉంటే ఒక్కో మనిషికి 67 చదరపు అడుగులు కావాలి. కప్పు దిగేకొద్దీ నేల ఎక్కువ ఉండాలన్నమాట. మనకేమో రెండూ కలిసి తగ్గుతాయి. పేదల ఇళ్ళ పట్టాలు పట్నంలో ఒక సెంటు, పల్లెలో సెంటున్నర ఇచ్చిన రాష్ట్రం మనది. ఆ సెంటులోనే పొయ్యి, మంచం, బీరువా, చెప్పుల మిషను. మనిషి బతికే గదికి 2.75 మీటర్ల ఎత్తు ఉండాలని జాతీయ భవన నియమావళి చెప్తుంది. మా గది 2.3 కూడా లేదు.

సరే, కొలత తప్పింది కదా, ఫిర్యాదు చెయ్యొచ్చు కదా అంటారా? ఆ చట్టం మా గదిని ఎప్పుడూ చూడలేదు. కరెంటు వాడితే 10 మంది, వాడకపోతే 20 మంది ఉంటేనే అది ఫ్యాక్టరీ అయ్యేది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త వృత్తి భద్రత కోడ్ ఆ సంఖ్యల్ని 20కి, 40కి పెంచింది. అంటే అంతకుముందు ఫ్యాక్టరీ లెక్కలో ఉన్న, కరెంటు వాడే 15 మంది షెడ్డు ఇప్పుడు ఫ్యాక్టరీ కాదు.

పాత చట్టంలో 85వ సెక్షన్ ఒకటి ఉండేది. పదిమంది లేకపోయినా, రాష్ట్ర ప్రభుత్వం తలచుకుంటే ఏ పని స్థలాన్నైనా ఫ్యాక్టరీగా ప్రకటించొచ్చు. చదివి సంబరపడినాను. కింద మినహాయింపు ఉంది. యజమాని కేవలం తన కుటుంబంతో కలిసి చేసుకునే పనికి అది వర్తించదంట. మిత్రులారా, ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. కులవృత్తి అంటేనే కుటుంబంతో చేసేది. చెప్పుల పని మా తాత నుంచి నాయనకు, నాయన నుంచి చిన్నాయనకు వచ్చింది వాళ్ళు కోరుకోబట్టి కాదు, వేరే పని ఎవరూ ఇవ్వకపోబట్టి. ఆ కులమే వాళ్ళను ఒక గదిలోకి తోసింది. ఒక గదిలో ఉన్నారు కాబట్టి కుటుంబం అన్నారు. కుటుంబం కాబట్టి చట్టానికి సంబంధం లేదన్నారు. సరిగ్గా జపాన్ వాళ్ళు 1970లో తలుపు తట్టిన చోట మనవాళ్ళు తలుపు మూసినారు.

ఇదే తిరుపతి జిల్లాలో, తడ దగ్గర మాంబట్టులో అపాచీ కంపెనీ అడిడాస్ బూట్లు చేస్తుంది. 2022 జూన్‌లో శ్రీకాళహస్తి వైపు ఇనగలూరులో ఇంకో దానికి ముఖ్యమంత్రి శంకుస్థాపన చేసినాడు. వేలమంది మన ఆడబిడ్డలు ఆ పనికి పోతున్నారు. అక్కడి కష్టసుఖాలు వేరే రాయాల్సిన సంగతి. నేను చెప్పేది ఒకటే. అక్కడ గాలి ఎట్లా ఉందో చూసే బాధ్యత చట్టం ప్రకారం ఒక ఇన్‌స్పెక్టర్‌కి ఉంది. మా సందులో గాలి చూసే మనిషి లేడు. 2023 సెప్టెంబరులో వచ్చిన పీఎం విశ్వకర్మ పథకంలో చెప్పులు చేసేవాళ్ళ పేరు ఉంది. పనిముట్లకు 15,000, అప్పు 3 లక్షల దాకా. కులవృత్తిలోనే ఉండిపొమ్మని ఇచ్చే డబ్బు అని తమిళనాడు దాన్ని ఆ రూపంలో వద్దంది. ఆ వాదన నాకు నచ్చుతుంది. కానీ ఈ రోజు ఆ పనిలో ఉన్న యాభై ఐదేళ్ళ మనిషికి ఏం చెప్తాం? ఆయన కొడుకును బయటికి తేవడం ఒక పోరాటం. ఆయన ఊపిరి ఇంకో పోరాటం. మొదటిదాని పేరు చెప్పి రెండోది వాయిదా వేసే హక్కు మనకు లేదు. ఇది నేను ముందు నాకే చెప్పుకుంటున్నా.

మహద్‌లో 1927లో బాబాసాహెబ్ చెరువు నీళ్ళు దోసిట్లోకి తీసుకున్నాడు. నీళ్ళ మీద, నేల మీద, గుడి మీద మనకు పోరాటాల చరిత్ర ఉంది. గాలి మీద లేదు. గాలి అందరిదీ కదా, దాన్ని ఎవరు ఆపుతారు అనుకుంటాం. మా ఊర్లో మాదిగపల్లె ఊరికి తూర్పున ఉంది. ఎండాకాలం పోయినాక పడమటి గాలి మొదలైతే ముందు ఊరిని తాకి తర్వాత మాకు వస్తుంది. మా గాలి వాళ్ళకు తగలకూడదనే అట్లా పెట్టినారని మా జేజి చెప్పేది. జేజి కాలంలో తోలును తంగేడు చెక్కతో ఊనేవాళ్ళు. కంపు కొట్టేది నిజమే. ఆ కంపునే మా కులం పేరు చేసినారు. కానీ ఆ పని చెట్టు కింద, ఆరుబయట జరిగేది. ఆరెతో, దారంతో కుట్టేవాళ్ళు, ఇంత జిగురు లేదు. ఊరవతల ఉన్నందుకు అంటరానితనం దక్కింది, గాలి కూడా దక్కింది. పట్నానికి వచ్చినాక అంటరానితనం అద్దె గదిలోకి మారింది, గాలి మాత్రం రాలేదు. పాత కాలం బాగుందని చెప్పడం లేదు నేను, దయచేసి అట్లా చదవద్దు.

ఇప్పుడు ఆ గదికి ఏం చేసినామో చెప్తాను. పాలిటెక్నిక్‌లో చెప్పే మన మిత్రుడొకాయన వచ్చి చూసినాడు. ఆయన ఓపికగా చెప్పిందాన్ని నా భాషలో పెడుతున్నా.

ఎత్తైన షెడ్డులో వేడి గాలి తనంతట తాను పైకి లేచి పై కిటికీల్లోంచి పోతుంది, కింద నుంచి చల్లగాలి లోపలికి వస్తుంది. ఈ లాగుడు ఎత్తు మీద ఆధారపడుతుంది. తిరుపతిలో రైల్వే క్యారేజ్ రిపేర్ షాపు షెడ్ల లాంటి వాటికి అది కుదురుతుంది. ఏడున్నర అడుగుల గదిలో ఆ లాగుడు దాదాపు ఉండదు. కాబట్టి గాలి కింద నుంచి పైకి పోతుందని ఆశపడకుండా, ఒక పక్క నుంచి ఇంకో పక్కకు పోయేలా చెయ్యాలి. రావడానికి ఒక దారి, ఎదురుగా పోవడానికి ఒక దారి. ఒక్క దారే ఉంటే ఎంత పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టినా సీసా మూతి నోట్లో పెట్టుకుని పీల్చినట్టే. ఏమీ రాదు.

సీలింగ్ ఫ్యాను గాలిని మార్చదు, తిప్పుతుంది. లోపల ఉన్న ద్రావకం లోపలే ఉంటుంది. పైన రేకు కాలుతా ఉంటే ఆ వేడిని కిందికి దించుతుంది. రెక్కలు నేల నుంచి కనీసం 7 అడుగుల పైన ఉండాలి, రేకుకూ రెక్కకూ మధ్య జానెడైనా సందు ఉండాలి. ఏడున్నరలో రెండూ కుదరవు. అంటే నా గర్వం మొదటిరోజు నుంచే తప్పు చోట వేలాడింది.

ద్రావకం ఆవిరి మామూలు గాలి కన్నా బరువు. హెక్సేన్ దాదాపు మూడింతలు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో ఎల్జీ పాలిమర్స్ నుంచి లీకైన స్టైరీన్ కూడా అట్లాంటిదే. అది ఆకాశంలోకి పోకుండా ఆర్.ఆర్. వెంకటాపురం వీధుల్లో నేలబారున పాకింది. పన్నెండు మంది పోయినారు. గది లోపల గాలి కదిలితే ఆవిరి అన్నిట్లో కలిసిపోతుంది గానీ, మూత తీసిన డబ్బా చుట్టూ, అప్పుడే పూసిన సోళ్ళ చుట్టూ కిందనే చిక్కగా ఉంటుంది. మా చిన్నాయన కూర్చునేది కూడా కిందనే, చాప మీద. మొహం నేలకు రెండున్నర అడుగుల ఎత్తులో ఉంటుంది, ఒళ్ళోని సోలుకు జానెడు దూరంలో. రేకు కింద ఎక్కడో ఎగ్జాస్ట్ పెడితే ఆ ఆవిరి ఆయన మొహం మీదుగా పైకి పోవాలి. కుర్చీలో కూర్చునే ఆఫీసు మనిషిని దృష్టిలో పెట్టుకుని చేసిన ఏర్పాటు నేల మీద కూర్చునే మనిషికి పనికిరాదు. ఈ ఒక్క మాట నాకు చాలా పుస్తకాల కన్నా ఎక్కువ చెప్పింది.

మొదట ఊదుబత్తి పరీక్ష చేసినాం. పొద్దున్నే, సొల్యూషన్ డబ్బాలన్నీ బయట పెట్టించి, ఏ డబ్బా మూతా తీయకముందు. ఇది మర్చిపోవద్దు, ఆ ఆవిరికి నిప్పురవ్వ చాలు. పొగ తలుపు దగ్గర లోపలికి వంగింది. గది మధ్యకు వచ్చేసరికి నిటారుగా నిలబడింది. వెనక గోడ దగ్గర అట్లే చుట్టలు చుట్టుకుంది. వెనక గోడకు ఒకప్పుడు కిటికీ ఉండేది. ఇటుకలతో మూసేసినారు. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

అతికించే పనినంతా గదిలో ఒక మూలకు మార్చినాం. కుట్టేది, కోసేది తలుపు వైపు, గాలి వచ్చే వైపు. మూల దగ్గర నేలకు అడుగున్నర ఎత్తులో మూడువైపులా మూసిన రేకు పెట్టె ఒకటి. పూసిన సోళ్ళు అందులోనే ఆరాలి. పెట్టె వెనక నుంచి రేకు గొట్టం. దానికి కొలిమికి వాడే బ్లోయర్. మామూలు ఎగ్జాస్ట్ ఫ్యానులో మోటారు గాలి దారిలోనే ఉంటుంది, ఆవిరి దాని మీదుగానే పోతుంది. బ్లోయర్‌లో మోటారు పక్కన, దారికి బయట ఉంటుంది. ప్రమాదం పూర్తిగా పోయిందని కాదు, తగ్గింది. స్విచ్చి కూడా ఆ మూల నుంచి తీసి తలుపు దగ్గర పెట్టించినాం. గాలి మనిషి వీపు వెనక నుంచి కాకుండా పక్క నుంచి పోవాలి. వీపు వెనక నుంచి వస్తే ఒంటికి అడ్డం తగిలి మొహం ముందర సుడి తిరుగుతుంది, ఆవిరి అక్కడే ఆగుతుంది. కాబట్టి చిన్నాయన చాపను అడ్డంగా తిప్పినాం. పెట్టెలోకి పోయే గాలి మెల్లగా లాగుతుంది కాబట్టి సొల్యూషన్ పొర కట్టదు. చిన్నాయన ఒప్పుకున్నది ఈ ఒక్క కారణానికే. ఆరోగ్యం గురించి నేను చెప్పిందంతా ఆయన ఒక చెవితోనే విన్నాడు.

ఎత్తు తక్కువ గదికి ఒక మేలు కూడా ఉంది. గాలి మొత్తమే తక్కువ కాబట్టి తొందరగా మార్చొచ్చు. గంటకు పదిసార్లు గాలి మారాలంటే 255 ఘనపు మీటర్లు బయటికి పోతే చాలు. పెద్ద యంత్రాలు అక్కర్లేదు. దారి ఉండాలి, అంతే.

రేకు మీద సున్నం కొట్టించినాం, దాని మీద కొబ్బరి మట్టలు పరిచినాం. తెలంగాణలో 2023లో చల్లని కప్పుల కోసం ఒక విధానమే తెచ్చినారు, తెల్లటి పూత వేస్తే కప్పు వేడి తగ్గుతుందని. మన తాతలకు తెలిసిన సున్నమే. లోపల థర్మోకోల్ సీలింగ్ కొట్టిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు, ఉన్న ఎత్తులో ఇంకో అరడుగు పోతుంది, నిప్పంటుకుంటే ముందు మండేది అదే. ఇంకో జాగ్రత్త. అది ఆస్బెస్టాస్ రేకైతే దానికి కన్నం వెయ్యద్దు, కొయ్యద్దు, రుద్దద్దు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే కాన్సర్ దాకా పోతుంది. మేము గొట్టాన్ని రేకులోంచి తియ్యకుండా గోడ పైవరసలో ఒక ఇటుక తీసి బయటికి తెచ్చినాం. సున్నం కూడా కింద నుంచి పొడవాటి కర్రకు బ్రష్షు కట్టి వేయించినాం. ఆ రేకు మీద మనిషి కాలు పెడితే విరిగి లోపల పడతాడు.

మొత్తం ఖర్చు మా కాలేజీలో ఒక సెమినార్ రోజు మధ్యాహ్నం భోజనాల బిల్లు కంటే తక్కువ. 'అంచులు' అనే మాట మీద మేము పెట్టే సెమినార్ల సంగతే చెప్తున్నా.

ఇక మూసిన కిటికీ. వెనక గోడ అవతల ఖాళీ స్థలం, దానికి అవతల ఒక ఇల్లు. పదేళ్ళ కింద ఆ ఇంటాయన వచ్చి తోలు వాసన మా పూజగదిలోకి వస్తుందని గది ఓనర్‌తో చెప్పినాడు. ఓనర్ మారు మాట్లాడకుండా ఇటుకలు పెట్టించినాడు. మా చిన్నాయన వాడేది రెక్సిన్. అప్పటికే ఆ గదిలో తోలు ముక్క లేదు. లేని తోలుకు కూడా వాసన వచ్చింది. కులం ముక్కుతో పనిచేస్తుందని మనం ఎప్పటి నుంచో అంటున్నాం, ఇది ఇటుకలతో సహా ఉన్న రుజువు.

నేను ఓనర్‌ను అడిగినాను, కిటికీ తెరిపించమని. చాలా మర్యాదగా మాట్లాడినాడు. "మీరు చదువుకున్నోళ్ళు మేడం, మీకు తెలీనిదేముంది. పక్కనోళ్ళతో గొడవెందుకు?" అన్నాడు. అద్దె పెంచమన్నా పెంచుతాం అన్నాను. దానికీ నవ్వినాడు. చిన్నాయన నన్ను బయటికి పిలిచి, "కిటికీ కోసం గది పోగొట్టుకుంటామా పాపా? ఈ సందులో మనకు గది ఇచ్చింది ఆయనొక్కడే" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. అందుకే గొట్టాన్ని వెనక వైపు కాకుండా ముందు నుంచి తీసి, రేకు పైన నాలుగడుగులు లేపినాం. ఇది ఇంజనీరింగ్ ప్రకారం మంచి దారి కాదు. వంకరలు ఎక్కువైతే లాగుడు తగ్గుతుందని మిత్రుడు ముందే చెప్పినాడు. గోడకు అవతల ఉన్న కులం కోసం మా గాలి చుట్టూ తిరిగి పోతా ఉంది.

విద్యార్థి మిత్రులకు ఒక పని చెప్తాను. మీ వాడలో, మీ సందులో, మీ నాయన పనిచేసే గదికి టేపు తీసుకుపోండి. పొడవు, వెడల్పు, ఎత్తు మీటర్లలో కొలిచి గుణించండి, ఎంతమంది కూర్చుంటారో దాంతో భాగించండి, 14.2తో పోల్చండి. ఎన్ని కిటికీలు ఉన్నాయో, ఎన్ని మూసినారో, ఎవరు మూయించినారో రాయండి. మనుషుల పేర్లు, అడ్రసులు వద్దు, అద్దె గదులు పోతాయి. కొలతలు చాలు. చెప్పులు, బ్యాగులు, సోఫాలు, ఏ పనైనా సరే. అవన్నీ ఒకచోట పెట్టి, ఇళ్ళల్లో చేసే పనికి కూడా గాలి లెక్క వర్తించాలని, పథకాల డబ్బుల్లో పనిముట్టుతో పాటు గోడకు దారి కూడా చేర్చాలని కార్మిక శాఖకు ఒక అర్జీ పెడదాం. ఆసుపత్రి ఓపీ చీటీలో 'ఏం పని చేస్తారు' అనే గడి కూడా అడుగుదాం.

చిన్నాయనకు వచ్చే వారం నరాల పరీక్ష. ఈసారి నేను వెంట పోతున్నా. సొల్యూషన్ డబ్బా లేబుల్ ఫోటో తీసి పెట్టుకున్నా, డాక్టరుకు చూపించడానికి. ఆ సీలింగ్ ఫ్యాను విప్పి పల్లెలో మా జేజి గదిలో బిగించినాం. అక్కడ కప్పు పది అడుగులు.